డుషాం-వియోన్ ‘గుర్రం’ (1914): మట్టి నుంచి ఫైబర్ దాకా ఎలా?

మట్టిబండి
రేమండ్ డుషాం-వియోన్ 1914లో చేసిన ‘గుర్రం’ నకలు అభ్యాసం కోసం చెయ్యాలి. ఎత్తు 44 సెం.మీ. ముందు బంకమట్టి, తర్వాత ప్లాస్టర్ అచ్చు, చివరికి ఫైబర్ (రెజిన్‌తో గట్టిపరిచే గాజుపీచు). నెట్‌లో ఒక్కో ఫొటోకి ఒక్కో కొలత ఉంది. 40 సెం.మీ. అని ఒకచోట, మీటరు అని ఇంకోచోట, మీటరున్నర అని మరోచోట. ఏది అసలు? మట్టిలో ఒక చిన్న స్కెచ్ అయింది, చూస్తే గుర్రం బొమ్మకి గేర్లు అతికించినట్టుంది. ఎక్కడ తప్పుతోందో చెప్పగలరా?

కంచుపోత
కొలతల సంగతి ముందు. మూడూ నిజమే. శిల్పి తన చేత్తో పూర్తిచేసింది 44 సెం.మీ. దరిదాపుల్లో ఉండే చిన్న రూపం. ఆయన 1918 అక్టోబరు 9న కేన్స్‌లో సైనిక ఆసుపత్రిలో పోయారు. 1916లో వచ్చిన టైఫాయిడ్ నుంచి చివరిదాకా కోలుకోలేదు. వయసు 41. మీటరు ఎత్తువి ఆ తర్వాత పెంచి పోసినవి. న్యూయార్క్ మోమా మ్యూజియంలోది 101.6 సెం.మీ., 1930 ప్రాంతంలో పోత. లండన్ టేట్ మ్యూజియంలోది సరిగ్గా మీటరు, 1961 పోత. మీటరున్నరది ఇంకా తర్వాతిది. 1966లో తమ్ముడు మార్సెల్ డుషాం పర్యవేక్షణలో పెంచారు, దాన్ని ‘షెవాల్ మజోర్’ అంటారు, అంటే పెద్ద గుర్రం.

కాబట్టి నకలుకి 44 ఎంచుకోవడం సరైన పనే. వెనిస్‌లో పెగ్గీ గుగెన్‌హైమ్ సేకరణలో ఉన్న కంచు బొమ్మ 43.6 సెం.మీ. ఎత్తు, 41 సెం.మీ. పొడవు. ఆ రెండు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకోండి. ఎత్తూ పొడవూ దాదాపు సమానం. మామూలు గుర్రం బొమ్మ అలా కుదించుకుపోయి ఉండదు. సగం రహస్యం అక్కడే ఉంది.

గోదారిగట్టు
ఇది మార్సెల్ డుషాం బొమ్మ కాదా? మూత్రపు తొట్టిని కళ అని ప్రదర్శనకి పెట్టినాయన?

కంచుపోత
ఆయన అన్నగారిది. పెద్దన్న జాక్ వియోన్ చిత్రకారుడు, రెండో ఆయన ఈ రేమండ్, తర్వాత మార్సెల్, చెల్లెలు సుజాన్ కూడా చిత్రకారిణే. రేమండ్ అసలు చదివింది వైద్యం. కీళ్ళవాతపు జ్వరం వచ్చి ఆ చదువు మానేసి సొంతంగా శిల్పం నేర్చుకున్నారు. యుద్ధంలో గుర్రపు దళంలోనే సహాయ వైద్యుడు. అంటే ఎముక, కండరం, గుర్రం మూడూ తెలిసిన చెయ్యి. ఫొటో చూసి ‘ఏదో యంత్రం ముక్కలు పేర్చాడు’ అనుకునేవాళ్ళు ఇది మర్చిపోతారు.

ఉలిదెబ్బ
> గుర్రం బొమ్మకి గేర్లు అతికించినట్టుంది

తప్పు అక్కడే ఉంది తమ్ముడూ. ఆ శిల్పంలో అతికించిన గేరు ఒక్కటి కూడా లేదు. ఇంజను నుంచి ఊడదీసిన భాగం అని ఒక్కదాన్నీ వేలు పెట్టి చూపించలేవు. మరి యంత్రంలా ఎందుకు కనిపిస్తుంది? కాలు చేసే పనిని కనెక్టింగ్ రాడ్డు చేసే పనిగా మార్చాడు. కీలుని ఇరుసుగా మార్చాడు. మెడ, వీపు కలిసి బిగించిన స్ప్రింగు చుట్టలా తిరుగుతాయి. గిట్ట మాత్రం చాలావరకు గిట్టలాగే ఉంచాడు. అది కూడా తీసేస్తే గుర్రం ఆనవాలే పోతుంది.

భంగిమ ఏంటంటే, దూకే ముందు క్షణం. గిట్టలన్నీ ఒంటి కిందికి లాక్కుని, బలమంతా మధ్యలో మూటగట్టుకుని ఉంది. పరుగెత్తడం లేదు, ఇంకా ఎగరలేదు. అందుకే పొడవు తగ్గి ఎత్తుతో సమానమైంది. నీ స్కెచ్‌లో నాలుగు కాళ్ళూ విడివిడిగా నేల మీద ఆనించి ఉంటావు, అవునా?

మన తెనాలిలో ఇనుప తుక్కుతో గుర్రాలు చేస్తారు. నట్లు, బోల్టులు, చైన్లు గుర్రం ఆకారంలో వెల్డింగ్ చేస్తారు. చేయి తిరిగిన పని, కాదనను. కానీ దాని తర్కం వేరు. అక్కడ యంత్రం ముక్క గుర్రానికి చర్మం. ఇక్కడ యంత్రం గుర్రానికి ఎముక.

మట్టిబండి
నాలుగు కాళ్ళూ ఆనించే ఉన్నాయి సార్ 🙂 మొదట్నుంచి కడతాను. ఏ వరసలో వెళ్ళాలి?

ఉలిదెబ్బ
శిల్పి వెళ్ళిన వరసే. ఆయన ముందు రౌతుతో ఉన్న గుర్రాన్ని, చాలావరకు సహజంగానే చేశాడు. తర్వాత రౌతు పోయాడు, తర్వాత చర్మం పోయింది, చివరికి కదలిక మిగిలింది. నువ్వూ 15 సెం.మీ. మట్టిలో మూడు చిన్నవి చెయ్యి. మొదటిది దూకబోయే మామూలు గుర్రం. రెండోదాంట్లో కీళ్ళ దగ్గర సిలిండర్లు, ఎముకల చోట కడ్డీలు, అంతే. మూడోదాంట్లో వాటిని ఒకే చుట్ట చుట్టూ తిప్పు. ఒక్కోదానికి రెండు గంటలు మించి పెట్టకు. నేరుగా మూడోదానికి దూకితే మళ్ళీ గేర్ల గుర్రమే వస్తుంది.

ఇంకోటి. కంప్యూటర్‌లో గుర్రం మోడల్ తీసుకుని త్రికోణాలుగా కోసేసి క్యూబిజం (ఒకే వస్తువుని పలు వైపుల నుంచి ఒకేసారి చూపే శైలి) అంటున్నారు ఇప్పుడు. అది లో-పాలీ, అంటే తక్కువ పలకలతో కట్టిన కంప్యూటర్ బొమ్మ. ఒకే వైపు నుంచి చూసిన గుర్రాన్ని ముక్కలు కోశారంతే. ఈ శిల్పం చుట్టూ తిరిగితే ఒక వైపు తల, గిట్ట తెలుస్తాయి, ఇంకో వైపుకి వెళ్ళేసరికి గుర్రం మాయమై యంత్రమే మిగులుతుంది. ఆ మార్పు రాకపోతే ఎన్ని ప్లేన్లు (చదును పలకలు) కోసినా దండగ.

ఆయిలింజను
మెకానిక్ కంటితో ఒక మాట. ఇంజనులో పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది, క్రాంకు దాన్ని తిప్పుడుగా మారుస్తుంది. గుర్రం కాలు సరిగ్గా దీనికి తిరగేసి. కీలు దగ్గర తిప్పుడు పుడుతుంది, గిట్ట దగ్గర తిన్నగా తోపుడుగా మారుతుంది. అందుకే ఆ శిల్పంలో ప్రతి కడ్డీ ఏదో ఒక గుండ్రటి దాని దగ్గరే ముగుస్తుంది. నకలు చేసేటప్పుడు ప్రతి కడ్డీ దగ్గరా ‘ఇది దేన్ని తోస్తోంది?’ అని అడగండి. జవాబు లేని కడ్డీ అలంకారం, కోసెయ్యండి.

హెచ్‌పీ (హార్స్‌పవర్) అన్న మాట కూడా గుర్రం నుంచే కదా. జేమ్స్ వాట్ లెక్క ప్రకారం నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు, అంటే 746 వాట్లు. బోరు దగ్గర 5 హెచ్‌పీ మోటారు అంటే ఐదు గుర్రాలు అనుకుంటాం. కానీ అది రోజంతా గానుగ తిప్పే గుర్రం లెక్క. కొన్ని క్షణాలపాటు మాత్రమే అయితే ఒక్క గుర్రమే 15 హెచ్‌పీ దాకా ఇవ్వగలదు. ఈ శిల్పంలో ఉన్నది ఆ క్షణమే.

మట్టిబండి
‘దేన్ని తోస్తోంది’ అన్నది బాగా పట్టుకుంది. ఇప్పుడు ఆర్మేచర్ (మట్టిని లోపల నిలబెట్టే చట్రం) చెప్పండి.

నల్లరేగడి
44 సెం.మీ.కి ఇది చాలు:

18 మి.మీ. ప్లైవుడ్, 50 × 50 సెం.మీ., కింద రెండు పట్టీలు కొట్టాలి, తడికి వంగకుండా. మధ్యలో కాకుండా బరువు పడే చోట 10 మి.మీ. ఇనుప రాడ్డు, కింద ఫ్లాంజితో (బోల్టులు పట్టే చదును బిళ్ళ) బిగించాలి. చుట్ట తిరిగే దారిలో 5 మి.మీ. అల్యూమినియం తీగ రెండు పేటలు మెలిపెట్టి. మధ్యలో థర్మకోల్ ముక్క, దాని మీద సన్న తీగ చుట్టు. వేలాడే భాగాలకి చెక్కముక్కల్ని ప్లస్ గుర్తులా కట్టి తీగతో వేలాడదీయాలి, లేకపోతే రెండో రోజుకి మట్టి జారి కిందికొస్తది. ఇనుముకి నల్ల ఎనామిల్ పెయింటు పూయి. తుప్పు మరక ప్లాస్టర్‌లోకి ఎక్కితే పోదు.

మట్టి 25–30 కిలోలు తెచ్చుకో. లోపల ఏముందో ఎవరికీ కనిపించదు కదా అని ఆర్మేచర్ దగ్గర పీనాసితనం చేస్తారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అన్నా.

తిరిగే బల్ల మీదనే చెయ్యి. పావుగంటకోసారి 45 డిగ్రీలు తిప్పు. రాత్రి ఒక్క బల్బు పెట్టి గోడ మీద నీడ చూడు. లోపలి వివరాలు మాయమైపోయి బయటి గీత మాత్రమే మిగులుతది. ఆ గీతలో ఎక్కడ మెత్తగా వంగిందో అక్కడ స్ప్రింగు సడలినట్టే.

మట్టిబండి
ప్లేన్లు పదునుగా రావట్లేదు. ఆరేకొద్దీ అంచులు గుండ్రం అవుతున్నాయి.

నల్లరేగడి
మట్టిలో పదును కోసం కొట్టుకోకు. మట్టిలో అంచుని 2 మి.మీ. ఎక్కువే ఉంచి వదిలెయ్. పదును ప్లాస్టర్ దశలో తీయాలి. తడి మట్టి మీద వేలితో నున్నగా రుద్దడమే అసలు జబ్బు. వేలు ఎప్పుడూ గుండ్రంగానే రుద్దుతది. సన్నటి చెక్కపట్టీ, తెగిన హాక్సా బ్లేడు, ఈ రెండే వాడు. ప్లేన్‌ని కోసి తియ్యి, రుద్ది కాదు.

ప్లాస్టర్_పద్మ
ఇక్కడినుంచి నేను అందుకుంటానండీ.

ఈ ఆకారంలో లోతైన సందులు, చుట్ట వెనక బొరియలు చాలా ఉంటాయి. అందుకని ముక్కల అచ్చు జోలికి పోవద్దు, అండర్‌కట్లకి (అచ్చు ఊడిరాకుండా పట్టేసే లోపలి వంపులకి) పదిహేను ముక్కలు కావాల్సి వస్తుంది. ఒక్క నకలే కావాలంటే పగలగొట్టే అచ్చు, అంటే లోపల పోసిన బొమ్మ తియ్యడానికి అచ్చునే ఉలితో కొట్టేసేది. నాలుగైదు కావాలంటే సిలికాన్.

పగలగొట్టే అచ్చు అయితే: మట్టి మీద విభజన గీత వెంట రేకుముక్కలు గుచ్చాలి, 3 సెం.మీ. వెడల్పు. పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించినా బాగుంటుంది. రెండు పెద్ద భాగాలు, అడుగున ఒక చిన్నది. మొదటి పూత 5 మి.మీ., అందులో కొంచెం నీలిమందు లేదా ఎర్ర ఆక్సైడ్. ఇది మర్చిపోతే తర్వాత ఉలితో కొట్టేటప్పుడు ఎక్కడ ఆగాలో తెలియదు. రెండో పూత తెల్లది, 20 మి.మీ., మధ్యలో జనపనార పీచు. రెండు పూతల మధ్య బంకమట్టి నీళ్ళు పల్చగా కొడితే పైపెచ్చు సులువుగా ఊడొస్తుంది. 25 కిలోల బస్తా ఒకటి అచ్చుకే పోతుంది.

కలపడం: 10 కిలోల ప్లాస్టర్‌కి 6.5 నుంచి 7 లీటర్ల నీళ్ళు. నీళ్ళలోకి ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్‌లోకి నీళ్ళు పోయకూడదు. పైన దీవుల్లా తేలేదాకా చల్లి, ఒక నిమిషం ముట్టుకోకుండా వదిలి, అప్పుడు చెయ్యి అడుగున పెట్టి కలపాలి. గట్టిపడటం మొదలయ్యాక నీళ్ళు కలిపి పొడిగించాలని చూస్తారు. అలా చేసిన ప్లాస్టర్ చచ్చిపోతుంది. ఎండినా గోటికి రాలుతుంది.

నేరుగా అచ్చు నుంచి ఫైబర్‌కి వెళ్ళకండి. మధ్యలో ఒక ప్లాస్టర్ బొమ్మ పోసుకోండి, గోడ మందం 15–20 మి.మీ., లోపల బోలు. అచ్చుకి ముందుగా సబ్బునీళ్ళు మూడు పూతలు, మిగిలిన నురగ బ్రష్‌తో పూర్తిగా తీసెయ్యాలి. ఆ ప్లాస్టర్ బొమ్మ మీదే మీ ప్లేన్ల పదునంతా తీసేది. ముందు ఆకురాయి, తర్వాత హాక్సా ముక్కతో గీకుడు, తర్వాత 120, 220 నంబరు వాటర్ పేపర్ తడితో. ఎక్కడైనా తక్కువైతే కొత్త ప్లాస్టర్ వేసేముందు పాతదాన్ని గీట్లు పెట్టి, నీళ్ళు తాగడం ఆపేదాకా తడపండి. లేకపోతే పాతది కొత్తదాని నీళ్ళన్నీ లాగేసుకుని, కొత్త ముక్క పొడిలా రాలిపోతుంది.

అంచు పదును ఎంత అంటారా? దూరం నుంచి కత్తిలా, చేత్తో తాకితే కోసుకోనంత. 220 పేపర్‌తో ఒకే ఒక్క పోటు. వంపు ప్లేన్‌ని కలిసే చోట మాత్రం అంచు మెల్లగా కరిగి మాయమవ్వాలి. అన్ని అంచులూ ఒకేలా ఉంటే డబ్బాలు పేర్చినట్టుంటుంది.

గోదారిగట్టు
పద్మగారూ, ఈ పద్ధతిలో రెండు అచ్చులు అవుతున్నాయి కదా? ఖర్చు?

ప్లాస్టర్_పద్మ
అవుతాయండీ. మొదటిది పగిలిపోతుంది, రెండోది సిలికాన్. నాలుగు ముక్కల్లో, మందం 5–6 మి.మీ., బయట ఫైబర్ తొడుగు. ఖర్చంతా సిలికాన్‌దే. మొదటి పూత పల్చగా బ్రష్‌తో, బుడగలు ఊది పగలగొడుతూ వెయ్యాలి. చుట్ట లోపలి మూలలోనే బుడగలు దాక్కుంటాయి. హార్డ్‌నర్ (గట్టిపరిచే మందు) ఎంతన్నది డబ్బా మీద రాసిన శాతమే, కంటి అంచనా వద్దు.

రెజిన్_రాజు
ఫైబర్ సంగతి. 44 సెం.మీ. బొమ్మకి ఉపరితలం సుమారు 0.8 చదరపు మీటరు అనుకోండి. జెల్‌కోట్ (అచ్చులో మొదట పూసే చిక్కటి రెజిన్) అర కిలో, చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజుపీచు మ్యాట్ రెండు పొరలకి కిలో లోపు, పాలిస్టర్ రెజిన్ 3 కిలోలు. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్, మిగతాది వృథా లెక్క.

ఒక హెచ్చరిక ముందే. కోబాల్ట్‌నీ (రెజిన్ గట్టిపడటాన్ని వేగం చేసే మందు) హార్డ్‌నర్‌నీ ఎప్పుడూ నేరుగా కలపొద్దు, మంటలేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలపాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండు సీసాలూ ఒకే చోట పెట్టకండి, రెండిటికీ ఒకే చెంచా వాడకండి. మాస్కు గుడ్డది కాదు, వాయువులు ఆపే ఫిల్టరుది. గదిలో గాలి ఆడాలి.

హార్డ్‌నర్ మామూలుగా కిలోకి 10–20 మి.లీ. మన ఎండాకాలం మధ్యాహ్నం 20 పోస్తే గిన్నెలోనే ఉడికిపోతుంది. 10 దాటొద్దు, ముందు 100 గ్రాములు కప్పులో కలిపి టైము చూసుకోండి. పొద్దున్నే చేసుకుంటే ఇంకా మంచిది.

ఈ శిల్పానికి ప్రత్యేకంగా వచ్చే సమస్య: ప్లేన్లు వంగిపోవడం. ఫైబర్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. గుండ్రటి బొమ్మలో అది తెలియదు. బల్లపరుపు ప్లేన్ అయితే మధ్యలో లోపలికి పల్లం పడి వెలుగులో బయటపడిపోతుంది. రెండు పొరలూ ఒకేసారి వెయ్యకుండా మొదటిది చల్లారాక రెండోది వేస్తే తగ్గుతుంది. అచ్చులోంచి 24 గంటలకి ముందు తియ్యొద్దు. 15 సెం.మీ. దాటిన ప్లేన్ వెనక పక్కటెముకలా ప్లై పట్టీ పెట్టాలి, కానీ నేరుగా అతికిస్తే దాని గీత బయటికి కనిపిస్తుంది. మధ్యలో స్పాంజి పట్టీ వేసి, దాని మీద మ్యాట్‌తో కప్పండి.

పదునైన అంచులో మ్యాట్ దూరదు, లోపల గాలి మిగిలి తర్వాత చిటుక్కున విరుగుతుంది. మ్యాట్ వేసేముందు ఆ గాడిలో రెజిన్, టాల్కం పౌడరు పేస్టు నింపి, పీచు ముక్కలు పెట్టండి.

మట్టిబండి
బాగా అర్థమైంది. ఒక సందేహం. తర్వాత దీన్నే మీటరుకి పెంచి కంచులో పోయించాలంటే?

కంచుపోత
44 నుంచి 100 అంటే 2.27 రెట్లు. ఉపరితలం 5.2 రెట్లు, ఘనపరిమాణం 11.7 రెట్లు. మీటరున్నరకైతే దాదాపు 40 రెట్లు. మీరు వదిలేసిన 1 మి.మీ. సొట్ట పెద్దదాంట్లో 2.27 మి.మీ. అవుతుంది, వెలుగు పడగానే తెలిసిపోతుంది. కంచు 5 మి.మీ. మందానికి చదరపు మీటరుకి 44 కిలోలు, దాన్నిబట్టి లెక్కేసుకోండి.

స్కాన్ చేసి థర్మకోల్‌లో మెషిన్‌తో కోయించి, పైన పల్చగా మట్టి పూసి మళ్ళీ కన్నుతో దిద్దుకోవాలి. దిద్దకుండా మక్కీకి మక్కీ పెంచితే చిన్నదాంట్లో బిగువుగా ఉన్న వంపు పెద్దదాంట్లో ఊబకాయంలా కనిపిస్తుంది. చిన్న బొమ్మని పైనుంచి చూస్తాం, మీటరు బొమ్మ దిమ్మె మీద కంటి ఎత్తుకొస్తుంది. చూసే కోణమే మారిపోతుంది. శిల్పి లేని చోట ఈ దిద్దుబాటు ఎవరు చెయ్యాలి అన్నదే పెద్ద గుర్రాల మీద అసలు పేచీ. నా మటుకు మీటరుది ఒప్పుకోవచ్చు, మీటరున్నరది డుషాం సోదరుల ఉమ్మడి ఆస్తి.

మైనం పోత (మైనం బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో కంచు పోసే పద్ధతి): మైనం మందం 5 మి.మీ., లోపలా బయటా ప్లాస్టర్ ఒక వంతు, ఇటుకపొడి రెండు వంతులు. 600–700 డిగ్రీల్లో మైనం చుక్క మిగలకుండా కాల్చాలి. తడి మిగిలితే పోసేటప్పుడు కంచు ఎగజిమ్ముతుంది, మనిషి ప్రాణానికే ముప్పు. పోత 1,100 డిగ్రీలు దాటాక. కంచు చల్లారేటప్పుడు ఒకటిన్నర శాతం దాకా ముడుచుకుంటుంది, అందుకే మీటరు కావాలంటే మైనం 101.5 ఉండాలి.

నల్లరేగడి
ఆదిలాబాద్ డోక్రా (మైనం దారాలతో చేసే సంప్రదాయ లోహపు పోత) వాళ్ళతోని పోయిస్తే ఎట్లుంటది?

కంచుపోత
డోక్రా అందం మైనం దారాల అల్లికలో ఉంది. ఈ గుర్రానికి కావాల్సింది నున్నటి ప్లేను, పదును అంచు. వాళ్ళ చేతికి ఇది తగిన పని కాదు, ఈ బొమ్మకి ఆ పద్ధతీ తగదు. రెండూ దెబ్బతింటాయి. విగ్రహాలు పోసే ఫౌండ్రీనే పట్టుకోండి, ప్లేన్లు పాలిష్ బెల్టుతో రుద్దొద్దని ముందే చెప్పండి. బెల్టు అంచుల్ని తినేస్తుంది. చేత్తో ఆకురాయి పట్టమనండి.

గోదారిగట్టు
ఇటలీ శిల్పి బొచ్చోనీ కూడా ఇలాంటివే చేశాడు కదా, ఇది ఫ్యూచరిజం (వేగాన్నీ యంత్రాన్నీ పొగిడిన ఇటలీ కళా ఉద్యమం) కాదా మరి?

ఉలిదెబ్బ
దగ్గరి చుట్టమే. బొచ్చోనీ శిల్పాలు 1913 వేసవిలో పారిస్‌లో ప్రదర్శించారు. తేడా ఎక్కడంటే, బొచ్చోనీ చేసిన నడిచే మనిషి బొమ్మకి గాలి చీల్చుకుంటూ వెనక్కి సాగే మాంసం ఉంటుంది, వేగం బయటికి కారుతుంది. ఇక్కడ బలం లోపలికి చుట్టుకుంటుంది. బొచ్చోనీ 1916లో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడే పోయాడు. అది వేరే కథ.

మట్టిబండి
ఆఖరి ప్రశ్న. ఫైబర్‌కి రంగు?

రెజిన్_రాజు
బంగారు పెయింటు మాత్రం కొట్టకండి, పెళ్ళి మండపం బొమ్మ అవుతుంది. జెల్‌కోట్‌లోనే కంచు పొడి కలిపి అచ్చులో మొదటి పూత వెయ్యండి, పొడి చిక్కగా, బ్రష్‌కి అందేంత. గట్టిపడ్డాక సన్న స్టీల్ ఊల్‌తో రుద్దితే లోహం పైకి తేలుతుంది. తర్వాత పల్చటి నల్ల పూత, ఆరకముందే ప్లేన్ల మీద తుడిచెయ్యాలి, సందుల్లో వదిలెయ్యాలి. చివర మైనం పాలిష్.

ఇంకొకటి, అడుగు సంగతి. ఈ ఆకారం పైన బరువుగా, కింద సన్నగా ఉంటుంది. ఫైబర్ తేలిక కదా అని ఊరికే నిలబెడితే ఫ్యాను గాలికే తూలుతుంది. పైభాగం మూసేముందే అడుగున 10 మి.మీ. బోల్టులు రెండు, రెజిన్, ఇసుక ముద్దలో పాతి పెట్టండి. ఒక్క బోల్టు అయితే బొమ్మ గిర్రున తిరుగుతుంది.

మట్టిబండి
రెండు బోల్టులు, రాసుకున్నాను. 15 సెం.మీ. మొదటి మట్టి బొమ్మ ఆదివారానికి అవుతుంది. నాలుగు వైపుల ఫొటోలు, నీడ ఫొటోతో సహా ఇక్కడే పెడతాను.

ఉలిదెబ్బ
నాలుగు కాదు, ఎనిమిది వైపులు పెట్టు. 45 డిగ్రీలకొకటి.